గుండె లోతు నీళ్ళలో గర్భిణి నాడి

ఈ మధ్య తాడేపల్లిగూడెంలో కొత్తగా ఫిజియోథెరపీలో చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. "మేడం, కడుపుతో ఉన్నవాళ్ళకి నీళ్ళలో వ్యాయామం చేయించేటప్పుడు పల్స్ ఎంతవరకు రానివ్వచ్చండి?" అని అడిగింది. చేతిలో చిన్న నోటుబుక్కు, పెన్ను. నేనొక అంకె చెబితే రాసుకుని వెళ్ళిపోదామని వచ్చింది పాపం. అంకె చెప్పలేదు. కాఫీ ఇచ్చి రెండు గంటలు కూర్చోబెట్టాను. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఇదంతా ఎక్కడైనా రాయండి మేడం. నాకు సగమే గుర్తుంటుంది" అంది. ఆ మాట మీద రాస్తున్నాను.

ఏలూరులో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కడం, సాయంత్రం దానిలోనే తిరిగి రావడం. ఏ సంవత్సరం ఏ హోదా వచ్చిందో ఇప్పుడు కాగితాలు చూస్తే గానీ చెప్పలేను. కానీ నా చేతిలో మణికట్టు పెట్టిన ఆడవాళ్ళలో కొందరి నాడి మాత్రం ఇంకా వేళ్ళకి గుర్తుంది. వాళ్ళ గురించే ఇది.

పోలియో పిల్లల తొట్టి

మా ఆసుపత్రి వెనక ఒక సిమెంటు తొట్టి ఉండేది. నాలుగున్నర అడుగుల లోతు, దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి చుట్టూ ఇనప కడ్డీ. ఒకప్పుడు పోలియో వచ్చిన పిల్లల్ని అందులో దించి కాళ్ళు కదిలించేవారు. చుక్కల మందు పుణ్యమా అని ఆ జబ్బు పోయింది, పిల్లలు రావడం ఆగిపోయింది, తొట్టి ఎండిపోయింది. విరిగిన మంచాలు అందులో పడేసేవారు.

మా పెద్ద డాక్టరు మేరీ సుగుణ గారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎవరినైనా కేకలేయాలంటే 'మీరు' అనడం మొదలుపెట్టేవారు, అంతే. మామూలుగా నన్ను 'నువ్వు' అనేవారు కాబట్టి, 'మీరు' వినబడిందంటే ఏదో తప్పు చేశానని తెలిసిపోయేది. ఒక రోజు ఆవిడ తొట్టి దగ్గర నిలబడి నన్ను పిలిచారు.

"వసుంధరా, ఏడో నెల వచ్చేసరికి మన ఆడవాళ్ళ కాళ్ళు చూస్తున్నావా? నడవమంటే నడుం నొప్పి, కూర్చోమంటే కాళ్ళ వాపు. ఇందులో దించి నడిపిస్తే ఎలా ఉంటుందంటావ్?"

"కడుపుతో ఉన్నవాళ్ళని నీళ్ళలోకి దించడమంటే భయంగా ఉండదా అండి?"

"నాకూ ఉంది. అందుకే ముందు నువ్వూ నేనూ దిగుదాం."

మంచాలు తీయించి, తొట్టి కడిగించి, నీళ్ళు నింపించాక అన్నంత పనీ చేశారు. నేను చుడీదార్‌తో, ఆవిడ పాత నేత చీరతో. దిగేముందు మెట్టు మీద నిలబెట్టి నా నాడి లెక్కపెట్టారు. ఎనభై రెండు. గుండె లోతు నీళ్ళలో నిలబెట్టి, అయిదు నిమిషాలాగి మళ్ళీ లెక్కపెట్టారు. డెబ్భై నాలుగు.

"చూశావా, నీ గుండెకి పని తేలికైంది" అని నవ్వారు.

అందులో మర్మం ఏమీ లేదు. మనం గట్టు మీద నిలబడినప్పుడు రక్తం కాళ్ళలోకి దిగి కొంత అక్కడే ఆగుతుంది. నీళ్ళలో దిగితే చుట్టూ ఉన్న నీరు కాళ్ళని, పొట్టని అన్నివైపుల నుంచీ నొక్కుతుంది. ఆగిన రక్తం పైకి, ఛాతీలోకి చేరుతుంది. గుండె నిండుగా నిండుతుంది, ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతుంది. అందుకని తక్కువ సార్లు కొట్టుకున్నా సరిపోతుంది. గర్భిణి ఒంట్లో రక్తమే పెరిగి ఉంటుంది, గుండె ఇద్దరి కోసం పరుగెడుతూ ఉంటుంది. అలాంటి గుండెకి నీళ్ళలో ఉన్న ఆ అరగంట ఎంత హాయో ఆలోచించండి.

అందుకే ఆ అమ్మాయికి అంకె చెప్పలేదు. గట్టు మీద నడకకి రాసుకున్న అంకెని నీళ్ళలోకి తెస్తే మోసపోతాం. నీళ్ళలో నాడి నెమ్మదిగానే కనిపిస్తుంది, మనిషి మాత్రం అలిసిపోయి ఉంటుంది. మా తొట్టిలో ఒకటే నియమం: మాట్లాడుతూ నడవాలి. అత్తగారి మీద చాడీలు చెబుతారో, ఊళ్ళో పెళ్ళి ముచ్చట్లు చెబుతారో వాళ్ళ ఇష్టం. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తే పని ఎక్కువైనట్టు. ముప్పై ఏళ్ళలో నేను విన్న చాడీలు ఇన్నీ అన్నీ కావు.

మొదట్లో సుగుణ గారు ప్రతి మనిషికీ దిగేముందు, వచ్చాక బిడ్డ గుండె చప్పుడు వినేవారు. లోపలి బిడ్డలకి మా హడావుడి పట్టినట్టే ఉండేది కాదు. తల్లి కాళ్ళ వాపు మాత్రం తగ్గేది. ఇంకోటి కూడా ముందే చెప్పి ఉంచండి: నీళ్ళలోంచి వచ్చిన ప్రతి మనిషీ బాత్రూము కోసం పరుగెడుతుంది. రక్తం పైకి చేరగానే ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు పని మొదలుపెడతాయి. మాకున్నది ఒక్కటే బాత్రూము. ఆ వరసలో జరిగిన తగువులు తీర్చడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

గట్టెక్కేటప్పుడు

నా మొదటి తప్పు ఉంగుటూరు నుంచి వచ్చే ఒక టీచరుగారి విషయంలో జరిగింది. రాజేశ్వరి గారని, ఏడో నెల. ఏప్రిల్ ఎండలు. తొట్టి మీద అప్పటికి రేకులు వేయలేదు. పదకొండు గంటలకి నీళ్ళు గోరువెచ్చగా ఉంటే, "వేన్నీళ్ళ స్నానంలా ఉందండీ" అని అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను.

ఆవిడకి బస్సు టైమైంది. గబగబా మెట్లెక్కింది. మూడో మెట్టు మీద "ఏవండీ..." అని నా వైపు తిరిగి, అలాగే ఒరిగిపోయింది. మా ఆయా నూకాలమ్మ రెండు చేతులా పట్టుకోకపోతే నుదురు సిమెంటు గట్టుకి తగిలేది. పడుకోబెట్టి కాళ్ళెత్తి పట్టుకుంటే నిమిషంలో కళ్ళు తెరిచింది. తెరవగానే అన్న మాట, "సారీ అండి, బస్సు వెళ్ళిపోతుందని..."

సుగుణ గారితో, "నెమ్మదిగా ఎక్కమంటే వినలేదండి" అన్నాను. మర్నాడు అదే టైముకి నన్ను ఆ వెచ్చటి నీళ్ళలో అరగంట నడిపించారు. తరవాత, "బస్సుకి టైమైంది, రండి రండి" అని తొందరపెట్టి మెట్లెక్కించారు. పైకి వచ్చేసరికి నా కళ్ళ ముందు చీకట్లు కమ్మాయి. కడ్డీ పట్టుకుని కూర్చుండిపోయాను.

"ఇప్పుడు చెప్పండి. ఆవిడ తప్పా, మీ తప్పా?"

'మీరు' అన్నారు. అప్పుడర్థమైంది. నీళ్ళు ఇచ్చిన ఆసరా బయటికి రాగానే పోతుంది. పైకి చేరిన రక్తమంతా ఒక్కసారి కాళ్ళలోకి జారుతుంది. నీళ్ళు వెచ్చగా ఉంటే రక్తనాళాలు ముందే వదులై ఉంటాయి, ఇంకా తొందరగా జారుతుంది. ఆ రోజు నుంచి మా తొట్టి పొద్దున్న తొమ్మిది లోపే. నీళ్ళలో థర్మామీటరు. ప్రతి మెట్టు మీదా ఆగి మడమలు పది సార్లు పైకెత్తి దించాలి. పైన కుర్చీ, గ్లాసు మంచినీళ్ళు. ఎవరి బస్సు పోయినా సరే.

కలిదిండి వైపు నుంచి వచ్చిన నాగమణి

ఇది రాయడానికే అసలు కూర్చున్నాను.

నాగమణిది కలిదిండి దగ్గర, కొల్లేరు వైపు పల్లె. ఇరవై రెండేళ్ళు, తొలి కాన్పు, అయిదో నెల నిండబోతోంది. భర్త శ్రీను చేపల చెరువుల మీద మేత వేసే పనిలో ఉండేవాడు. అత్తగారు వీరమ్మ గారు కోడల్ని వెంటబెట్టుకుని వచ్చేది. అప్పుడే కాళ్ళ వాపులు, నడుం నొప్పి అని నా దగ్గరికి పంపారు.

తొట్టి చూడగానే వీరమ్మ గారు మొహం చిట్లించింది. "మావి నీళ్ళ మీద బతుకులేనండి. కడుపుతో ఉండి కూడా మేం నీళ్ళలో నిలబడి వలలు లాగినవాళ్ళమే. అంతేగానీ ఇలా గుండెల్దాకా దించి కసరత్తులు చేయించడం ఎక్కడా వినలేదండి."

"కాసేపేనండి, నేను పక్కనే ఉంటాను" అన్నాను.

మొదటి రోజు నాగమణి గుండె లోతుకి రాగానే దగ్గింది. "కొత్త కదా, అలవాటవుతుంది" అన్నాను. రెండో రోజు కూడా దగ్గింది. కడ్డీ గట్టిగా పట్టుకుని, "అమ్మగారూ, నేను మెట్టు మీదే ఉండి చేస్తానండి. ఇక్కడ బానే ఉంది. లోపలికొస్తే గుండెలు బరువెక్కుతున్నాయండి" అంది.

తొట్టిలో ఇంకో నలుగురున్నారు. నేను అందరికీ వినబడేలా, "కొల్లేటి పిల్లవి, నీకు నీళ్ళంటే భయమేమిటమ్మా?" అన్నాను. నలుగురూ నవ్వారు. నాగమణి కూడా నవ్వి, ఒక అడుగు లోపలికి వేసింది.

నా ఉద్యోగంలో నేను వెనక్కి తీసుకోవాలనుకునే మాట అదొక్కటే. ఆ పిల్ల నాకు జబ్బేమిటో చెప్పేసింది. ఏ లోతు వరకు బాగుందో, ఏ లోతులో బరువెక్కుతోందో, కొలిచినట్టు చెప్పింది. నేను దాన్ని హాస్యం చేశాను.

మూడో రోజు అందరూ కబుర్లలో ఉన్నారు, నాగమణి మాట్లాడడం లేదు. మాట్లాడకపోవడం మా నియమానికి విరుద్ధం కాబట్టి దగ్గరికి వెళ్ళాను. పెదవుల చుట్టూ రంగు తగ్గినట్టనిపించింది. ఇంకా నడక మొదలుపెట్టలేదు, ఊరికే నిలబడి ఉంది. మణికట్టు పట్టుకున్నాను. మెట్టు మీద తొంభై ఆరు ఉన్న నాడి, నీళ్ళలో నూట పద్దెనిమిది.

మళ్ళీ లెక్కపెట్టాను. మళ్ళీ అంతే. అన్నేళ్ళలో ఆ తొట్టిలో దిగి నిలబడ్డవాళ్ళ నాడి తగ్గడమే చూశాను గానీ, అలా ఎగబాకడం చూడలేదు.

బయటికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాం. పది నిమిషాలకి దగ్గు ఆగింది. అప్పుడు అడిగాను, మొదటి రోజు అడగాల్సినవి.

"ఎలా పడుకుంటున్నావమ్మా?"

"రెండు దిళ్ళేసుకుంటానండి. ఒక్కోసారి అవీ చాలక గోడకి ఆనుకుని కూర్చుంటాను."

"ఎవరికైనా చెప్పావా?"

"కడుపుతో ఉంటే ఆయాసం మామూలేనన్నారండి."

"చిన్నప్పుడు పెద్ద జబ్బేదైనా చేసిందా?"

"పదేళ్ళప్పుడు మోకాళ్ళు, మణికట్లు వాచిపోయి జ్వరం వచ్చిందండి. నెల్లాళ్ళు బడి మానేశాను. తరవాత తగ్గిపోయింది."

డ్యూటీ డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. కుర్రవాడు, బయట నలభై మంది ఉన్నారు. "భయపడి ఉంటుంది మేడం. పల్స్ పెరగడం పెద్ద విషయమా? ఐరన్ మాత్రలు వేసుకోమనండి" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. ఆసుపత్రిలో రెండింటికీ ఫలితం ఒకటే. నేనూ రెండు రోజులు ఆ తొందరలోనే ఉన్నాను కాబట్టి ఆయన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు.

సుగుణ గారు ఆపరేషన్ థియేటర్లో ఉన్నారు. బయట బల్ల మీద నాగమణిని కూర్చోబెట్టి, గంటసేపు పక్కనే కూర్చున్నాను. ఆ గంటా వీరమ్మ గారు ఊరుకోలేదు. "లక్షణంగా నడిచొచ్చిన పిల్లండి. నీళ్ళలో దించి మీరే జబ్బు తెచ్చిపెట్టారు. దీనికేవన్నా అయితే మా వాడికి నేనేం చెప్పను?" నాగమణి అత్తగారి చెయ్యి పట్టుకుని, "ఊరుకో అత్తా, ఆవిడే కదా కనిపెట్టింది" అంది.

సుగుణ గారు బయటికి వచ్చి, నేను చెప్పిందంతా నిలబడే విన్నారు. నాగమణిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, స్టెతస్కోపు పెట్టి, "ఫ్యాను ఆపండి" అన్నారు. చాలాసేపు విన్నారు. తరవాత స్టెతస్కోపు నా చెవులకి పెట్టారు.

"సగమే తెరుచుకున్న తలుపులోంచి జనం తోసుకుంటున్నట్టుంటుంది. విను."

నాకు ముందేమీ తెలియలేదు. తరవాత గుండె దెబ్బల మధ్య ఒక బండి దూరంగా వంతెన మీద పోతున్నట్టు, మెల్లటి గుడగుడ వినిపించింది.

వీరమ్మ గారిని ఆవిడ కూర్చోబెట్టి చెప్పారు. "గుండెలో తలుపులుంటాయమ్మా. చిన్నప్పటి ఆ జ్వరం వల్ల ఒక తలుపు బిగుసుకుపోయింది. ఇన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొచ్చింది. కడుపొచ్చాక రక్తం పెరిగింది. నీళ్ళలో దిగితే కాళ్ళలోది కూడా పైకి చేరింది. అంత రక్తం ఆ సందులోంచి పోలేక వెనక్కి, ఊపిరితిత్తుల్లోకి తన్నింది. అదే దగ్గు."

"అంటే నీళ్ళ వల్లే కదండీ?"

"నీళ్ళు జబ్బు తేలేదు. ఉన్న జబ్బుని చూపించాయి. ఇదే కాన్పు నొప్పులప్పుడు బయటపడి ఉంటే మన చేతిలో టైము ఉండేది కాదు."

ఆ మధ్యాహ్నమే ఏలూరులోనే ఇంకో ఆసుపత్రిలో గుండెకి ఎకో పరీక్ష చేయించారు. ఆవిడ చెవి చెప్పిందే తెర మీద కనబడింది. శ్రీను చెరువు మీద నుంచి అలాగే, బురద కాళ్ళతో వచ్చాడు. విన్నాడు. "బిడ్డని వదులుకోమంటారా అండి?" అని అడిగాడు.

"ఎవర్నీ వదులుకోవడానికి పంపడం లేదు నాయనా. ఇద్దర్నీ తెచ్చుకోవడానికే పంపుతున్నాను" అన్నారు సుగుణ గారు.

మందులు వాడి, ఆరో నెలలో విజయవాడ తీసుకెళ్ళారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, చివర బెలూను ఉబ్బించి, ఆ తలుపుని తెరిచారు. నాలుగో రోజు పొద్దున్నే నేను రైలు కోసం ప్లాట్‌ఫాం మీద ఉండగా ఫోను వచ్చింది.

"అమ్మగారూ, నాగమణినండి. రాత్రి ఒక్క దిండు మీద పడుకున్నానండి. తెల్లారేదాకా మెలకువ రాలేదు."

నేను బెంచీ మీద కూర్చుండిపోయాను. ఆ పాసింజరు వెళ్ళిపోయింది. తరవాతి బండికి వెళ్ళాను.

నెలలు నిండాక విజయవాడలోనే, గుండె డాక్టరు పక్కనుండగా కాన్పయింది. ఆడపిల్ల.

తేలికైన పని

తీపి కబురు తెలిసిన రోజు వార్డంతా లడ్డూలు పంచారు. సుగుణ గారు నన్ను గదిలోకి పిలిచారు.

"ఆ మొదటి రెండు రోజుల సంగతి వాళ్ళకి ఎవరు చెబుతారు?"

ఆవిడకి దగ్గు సంగతీ, నా హాస్యం సంగతీ నేనే చెప్పి ఉన్నాను. "ఇప్పుడు అవసరమా అండి? అంతా బాగానే జరిగింది కదా" అన్నాను.

"బాగా జరిగింది కాబట్టే చెప్పడం తేలిక. ఈ తేలికైనదే చెప్పలేకపోతే, రేపు బాగా జరగనిది ఎలా చెబుతావు?"

బిడ్డకి నెల దాటాక ఒక ఆదివారం కైకలూరు బస్సెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. రెండు పక్కలా చెరువులు, మధ్యన ఆటో పట్టేంత గట్టు. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. వీరమ్మ గారు పెరట్లో బూడిదతో చేపలు తోముతోంది. నాగమణి బిడ్డని ఒళ్ళో వేసుకుని అరుగు మీద కూర్చుని ఉంది. ఇద్దరి ముందూ చెప్పాను. మొదటి రోజే నీళ్ళలో నాడి చూడాల్సిందని, చూడలేదని, రెండో రోజు ఆ పిల్ల నోరు విడిచి చెబితే నవ్వులాటలో కొట్టేశానని, ఆ రెండు రోజుల్లో ఏదైనా జరిగి ఉండేదని.

వీరమ్మ గారి చేతులు ఆగాయి. "ఆ రోజు మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నానండి. తరవాత బాధపడ్డాను" అంది.

"మీరన్నదాంట్లో కొంత నిజముందండి. అది చెప్పడానికే వచ్చాను."

ఆవిడ నా మొహం చూడలేదు. మళ్ళీ చేప తోమడం మొదలుపెట్టింది. నాగమణి మాత్రం, "నేనూ నవ్వేశాను కదండీ" అంది, తప్పు తనదైనట్టు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. బిడ్డని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. క్షమించామని ఎవరూ అనలేదు. చాలాసేపటికి వీరమ్మ గారు లేచి చేతులు కడుక్కుంటూ, "కొరమేను పులుసు పెడతాను, తిని వెళ్ళండి" అంది. తిని వచ్చాను.

ఆ తరవాత నేను ఎవరినైనా నీళ్ళలో దించేముందు మూడు ప్రశ్నలు అడిగేదాన్ని, ప్రతి ఒక్కరినీ: ఎన్ని దిళ్ళ మీద పడుకుంటున్నారు, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చిందా, మెట్లెక్కితే ఎక్కడ ఆగుతున్నారు. మెట్టు మీద ఒకసారి, నీళ్ళలో ఒకసారి నాడి నా వేళ్ళతో చూసేదాన్ని. ఇప్పుడు చేతికి పెట్టుకునే వాచీలే లెక్క చెబుతున్నాయి. వాడుకోండి, మంచిదే. కానీ మణికట్టు పట్టుకుంటే మనిషి దగ్గరికి వెళ్ళాలి. దగ్గరికి వెళ్తే పెదవుల రంగు కనబడుతుంది, మాట వినబడుతుంది. అసలు ఉపయోగం అది.

రెండేళ్ళు గడిచాయి. ఒక పొద్దున్న ఎనిమిదింటికి నేను తొట్టిలో ఆకులు తీయిస్తుంటే గేటు దగ్గర వీరమ్మ గారు కనబడింది. పక్కన కడుపుతో ఒకమ్మాయి.

"మా అమ్మాయండి. గణపవరం ఇచ్చాం. ఏడో నెల. అక్కడ ఆసుపత్రి ఉందిలెండి, అయినా తీసుకొచ్చాను."

అడగాల్సినవన్నీ అడిగాను. సుగుణ గారు గుండె విని, సరేనన్నారు. మెట్టు మీద ఆ అమ్మాయి నాడి తొంభై రెండు. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా లోపలికి తీసుకెళ్ళాను. వీరమ్మ గారు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, గట్టు మీద కూర్చుని, పాదాలు నీళ్ళలో పెట్టుకుంది. నేను లెక్కపెడుతున్నంతసేపూ కన్నార్పకుండా నా పెదవుల వైపే చూసింది.

"ఎంతండి?"

"ఎనభై నాలుగు."

"తగ్గినట్టేనా అండి?"

"తగ్గిందండి."

కూతురి వైపు చూసింది. ఆ అమ్మాయి అప్పుడే పక్కావిడతో వాళ్ళ ఆడపడుచు గురించి ఏదో మొదలుపెట్టి నవ్వుతోంది.

"అయితే ఇంకాసేపు ఉండనివ్వండి" అంది వీరమ్మ గారు.